పాత కారు - పాత గుమాస్తా

(మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు నన్ను అమెరికా అనుభవాలు చెప్పమన్నారు. నయాగరా జలపాతం గురించి ఈ వేదిక మీద ఇప్పటికే నలుగురు మిత్రులు చెప్పారు. ఐదోసారి నేను చెబితే మీరు కునుకు తీస్తారు. కనుక ఒక పాత కారు గురించి చెబుతాను. నీకు కారు సంగతేం తెలుసయ్యా అంటారేమో! నిజమే, నాకు నడపటం రాదు. కానీ 36 ఏళ్ళు రవాణా శాఖలో గుమాస్తాగిరీ చేసి 2008లో బయటపడ్డాను. బండి నడపటం రాకపోయినా బండి కాగితం చదవటం వచ్చు.

2023 వేసవిలో నేనూ, నా శ్రీమతీ అమెరికాలో సెయింట్ లూయీ నగరంలో మా అమ్మాయి ఇంట్లో ఉన్నాము. ఒక ఆదివారం ఉదయం మా అల్లుడు కాఫీ గ్లాసుతో నా పక్కన కూర్చుని, "మామయ్య గారూ, ఒక బొమ్మ చూస్తారా?" అని చూపించాడు. ఎర్రని కారు. రెండే సీట్లు. పై కప్పు గుడ్డది, మడిచి వెనక్కి తోసెయ్యవచ్చు. ముందు దీపాలు కనపడవు. మీట నొక్కితే కనురెప్పలు తెరిచినట్టు తిరిగి బయటికొస్తాయి. జనరల్ మోటార్స్ వారి షెవర్లే కార్వెట్, 1967 నాటిది. ఇంజనీరింగ్ చదివే రోజుల్లో ఈ కారు బొమ్మే హాస్టల్ గోడకి అంటించుకున్నాడట. ఇప్పుడది పూర్తిగా బాగుచేసి, కొత్త హంగులు కూర్చి అమ్మకానికొచ్చింది. ధర 96 వేల డాలర్లు. తన దగ్గర ఉన్నది సగం. మిగతా సగానికి ఇంటి మీద అప్పు తీసుకుంటాడట.

వంటింట్లో మా అమ్మాయి గిన్నె కాస్త గట్టిగానే పెట్టింది. నాకు విషయం అర్థమైంది.

అయితే అల్లుడింట్లో ఉన్న మామగారు డబ్బు విషయంలో నోరు విప్పటం అంత సులువు కాదు. ఇక్కడ కూర్చున్న వారిలో చాలామందికి అది అనుభవమే. కనుక నేను, "కాగితాలున్నాయా బాబూ?" అని మాత్రం అడిగాను.

ముందు ఆ కారు చరిత్ర రెండు ముక్కల్లో చెప్తాను. కార్వెట్‌ను మొదట 1953 జనవరిలో న్యూయార్కులో ప్రదర్శించారు. ఆ ఏడు తయారుచేసినవి 300 మాత్రమే. అన్నీ తెల్లరంగువే, లోపల ఎరుపు. ఒంటి మీద రేకు లేదు, అంతా ఫైబర్‌గ్లాస్. 1954 నుంచి 1981 దాకా మేమున్న సెయింట్ లూయీలోనే తయారయ్యేది. తర్వాత ఫ్యాక్టరీ కెంటకీ రాష్ట్రంలోని బౌలింగ్ గ్రీన్ అనే ఊరికి మారింది. 1963 నుంచి 1967 దాకా వచ్చిన స్టింగ్ రే అనే అవతారానికి మోజు ఎక్కువ. మావాడు చూపించింది అందులో చివరి ఏటిది.

ఫైబర్‌గ్లాస్ తుప్పు పట్టదు. కానీ దాని కింద ఉన్న చట్రం, అద్దం చుట్టూ ఉన్న అస్థిపంజరం ఉక్కువే. ఆ దేశంలో మంచు కరగటానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. పైన పెళ్ళికూతురిలా నిగనిగలాడుతూ కింద తుప్పు తినేసిన బండ్లు అందుకే ఉంటాయి. బాగుచేసేవారు ఒంటిని చట్రం మీంచి పూర్తిగా ఎత్తి, ఉక్కుని గీకి, రంగు వేసి మళ్ళీ దింపుతారు. ఈ కారుకి అలాగే చేశారు. ఆ పైన పాత ఇంజను తీసి కొత్తకాలపు ఎల్.ఎస్.3 ఇంజను పెట్టారు. 6.2 లీటర్లది. ఇది 2008 కార్వెట్‌లో మొదట వచ్చింది. కొత్త గేర్‌బాక్సు, తేలిగ్గా తిరిగే స్టీరింగు, చల్లని గాలి యంత్రం - అన్నీ అమర్చారు.

మావాడు, "పాత ఇంజను 300 గుర్రాల శక్తి, కొత్తది 430" అని మురిసిపోయాడు. దానికి సంబంధించిన పుస్తకం తెచ్చి నేనూ చదివాను. అందులో మన పింఛనుదార్లకి ఇట్టే అర్థమయ్యే సంగతి ఒకటుంది. 1971 దాకా అమెరికా కంపెనీలు ఇంజన్ని విడిగా బల్ల మీద పెట్టి, దాని మీద ఆధారపడే సామగ్రి ఏదీ లేకుండా కొలిచి గ్రాస్ లెక్క చెప్పేవి. 1972 నుంచి బండిలో ఉన్నట్టే అన్నీ తగిలించి నెట్ లెక్క చెప్పాయి. కార్వెట్ మామూలు ఇంజను 1971లో 270, 1972లో 200. ఇంజను దాదాపు అదే! జీతం స్లిప్పులో గ్రాస్ చూసి సంబరపడి, కోతలు పోగా చేతికొచ్చింది చూసి నిట్టూర్చినవాళ్ళం మనం. పాత బండి ప్రకటనలో 300 అని ఉంటే అది గ్రాసు, కొత్త ఇంజను 430 నెట్టు. రెంటినీ పక్కపక్కన పెట్టి తీసివేత చెయ్యకూడదు.

ఇక ప్రకటనలో నా కళ్ళు ఆగిన చోటు వేరు. ఒక వాక్యంలో కొత్త ఇంజను అన్నారు. మరో వాక్యంలో "నంబర్లు కలిసిన బండి" అన్నారు. అంటే కారుతో పుట్టిన ఇంజనే ఉన్నదని అర్థం. ఈ రెండూ ఒకే ఫైలులో ఎలా ఇముడుతాయి? అమ్మే ఆయనకి ఫోను చేస్తే, పాత ఇంజన్ని స్టాండు మీద భద్రంగా ఉంచాననీ, కారుతో పాటు ఇస్తాననీ చెప్పాడు. ధరలో దాని విలువ కూడా ఉందన్నమాట.

ఇక్కడ నా కథ ఒకటి చెప్పాలి. ఇది నా శ్రీమతికి తప్ప ఎవరికీ తెలియదు.

1979లో నేను జూనియర్ అసిస్టెంటుని. ఒక లారీ బదిలీ ఫైలు నా బల్ల మీదికి వచ్చింది. ఛాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దిన ముద్ర అందులో ఉంది. దాన్ని రికార్డు గదిలోని పాత ముద్రతో పోల్చి చూడాలి. నెలాఖరు, శనివారం సాయంత్రం. రికార్డు గదికి పోలేదు. "పోల్చి చూడనైనది" అని రాసి పొట్టి సంతకం పెట్టాను. రెండేళ్ళ తర్వాత ఆ లారీ దొంగబండి అనీ, నంబరు చెరిపి కొట్టారనీ తేలి పోలీసులు పట్టుకుపోయారు. కొన్నాయన రెండెకరాలు అమ్మి కొన్నాడు. మూడు రోజులు మా ఆఫీసు వరండాలో కూర్చున్నాడు. నా పేరు ఆయనకి తెలియదు. నాకు మెమో కూడా రాలేదు. ఆయనకి మంచినీళ్ళిచ్చింది నేనే. అంతకుమించి చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. ఆ రోజు నుంచి రిటైరయ్యేదాకా పాత ముద్ర తీసి చూడకుండా సంతకం పెట్టలేదు. అందుకు తోటివాళ్ళు నాకు "చాదస్తం గారు" అని పేరు పెట్టారు. ఆ పేరు వెనక ఉన్న లారీ వాళ్ళకి తెలియదు.

సరే, ఆ శనివారం కారు చూడటానికి వెళ్ళాం. అమ్మే ఆయన నా ఈడువాడే. మోకాళ్ళ నొప్పులతో కిందికి ఉన్న ఆ సీట్లో కూర్చుని లేవలేకపోతున్నాడట, అందుకే అమ్మకం. రసీదులన్నీ మూడు అట్టపెట్టెల్లో తేదీల వారీగా పెట్టుకున్నాడు. అది చూడగానే ఆయన మీద నాకు గౌరవం కలిగింది.

ఆ కాలపు కార్వెట్ నంబరు రేకు లోపల చిన్న అర కింద అడ్డుపట్టీ మీద ఉంటుంది. 194677ఎస్ అని మొదలవుతుంది. 1 అంటే షెవర్లే, 94 కార్వెట్, 67 గుడ్డ కప్పు, 7 అంటే 1967, ఎస్ అంటే సెయింట్ లూయీ. తర్వాత ఆరంకెల వరుస సంఖ్య 100001తో మొదలై 122940తో ముగుస్తుంది. అంటే ఆ ఏడు 22,940 కార్లు. మన ఇన్‌వర్డ్ రిజిస్టరు లాంటిదే! అయితే ఏ ఇంజను పెట్టారో ఆ నంబరు చెప్పదు. అది తెలియాలంటే ఇంజను ముందు భాగంలో చదునుచేసిన చోట కొట్టిన అంకెలు చూడాలి. బండి వరుస సంఖ్య అక్కడ కూడా ఉండాలి.

టైటిలు కాగితంతో రేకు నంబరు కలిసింది. ఒంటిని ఎత్తినప్పుడు తీసిన ఫొటోల్లో చట్రం మీది నంబరు కనిపించింది, అదీ కలిసింది. మైళ్ళ మీటరు 38 వేలు చూపిస్తోంది కానీ అది ఐదంకెల మీటరు; లక్ష దాటితే మళ్ళీ సున్నాకి వస్తుంది. కనుక దాన్ని నేను లెక్కలోకి తీసుకోలేదు. చివరికి మూలనున్న ఇంజను దగ్గరికి వెళ్ళాం. దాని మీది గుడ్డ తీశారు. మా మనవరాలి పెన్సిలూ, తెల్లకాగితమూ జేబులో పెట్టుకెళ్ళాను. కాగితం ఆనించి మెల్లగా రుద్దాను. అంకెలు ఒక్కొక్కటే తేలాయి. చివరి మూడంకెలు వేరు!

ఇంకోసారి రుద్దాను. అవే అంకెలు. కాగితం అల్లుడి చేతికిచ్చాను. అతను చూసి, మాట్లాడకుండా ఆ పెద్దాయనకిచ్చాడు. ఆయన కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూశాడు. తను కొన్నప్పుడు అలా చెప్పారట, నమ్మాడట. ఇన్నేళ్ళలో ఒక్కసారైనా పోల్చి చూడలేదట. ఆయన ముఖం చూస్తే మోసగాడి ముఖం కాదు. నెలాఖరు శనివారం నాటి నా ముఖమే అది.

ఆయన వెంటనే 12 వేల డాలర్లు తగ్గిస్తానన్నాడు. కారు దొంగది కాదు, బాగుచేసిన పని మంచిదే. అయినా మావాడు ఆలోచించి చెప్తానన్నాడు. వచ్చేముందు ఆ పెద్దాయన నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఐదు మైళ్ళు తిప్పాడు. గాలికి నా టోపీ ఎగిరిపోయింది. అబద్ధమెందుకు, చిన్నపిల్లాడిలా నవ్వాను.

ఇంటికి వచ్చేటప్పుడు అల్లుడు మాట్లాడలేదు. రెండు రోజులు ముభావంగానే ఉన్నాడు. పెద్దవాణ్ణి, కుర్రవాడి ముచ్చట చెడగొట్టానేమోనని నాకు నిద్ర పట్టలేదు. మూడో రాత్రి అతనూ, అమ్మాయీ భోజనాల బల్ల దగ్గర కాగితం మీద లెక్కలు వేసుకున్నారు. మర్నాడు చెప్పాడు: "ఇంటి మీద అప్పు చెయ్యట్లేదు మామయ్య గారూ. నంబర్లు కలవలేదని కాదు. కలవకపోయినా కొనేద్దామనిపించింది చూడండి, అందుకు భయమేసింది." వారం తర్వాత ప్రకటన మళ్ళీ చూశాం. "నంబర్లు కలిసిన" అన్న మాట తీసేసి, ధర తగ్గించి వేశాడు ఆ పెద్దాయన.

కాగితం సంగతి ఇంత పట్టించుకోవాలా అంటారేమో. ఆ ఏడే పేపర్లో వచ్చిన ఒక ఉదంతం చెప్తాను. కాన్సాస్ రాష్ట్రంలో ఒకాయన సుమారు 50 వేల డాలర్లు పోసి 1959 నాటి కార్వెట్ కొన్నాడు. 2017లో రిజిస్ట్రేషన్ తనిఖీకి పట్టుకెళ్తే, పూర్వం ఎవరో బాగుచేసేటప్పుడు నంబరు రేకు ఊడదీసి తిరిగి బిగించారని తేలింది. బండిని స్వాధీనం చేసుకున్నారు. అప్పటి చట్టం ప్రకారం దాన్ని ధ్వంసం చెయ్యాలి! ఆయన కోర్టుల చుట్టూ తిరిగాడు. చివరికి 2022లో చట్టాన్నే సవరించారు. 2023లో కారు ఆయన చేతికొచ్చింది. రేకు బిగించటంలో ఎవరో చేసిన పనికి ఆరేళ్ళు!

తిరిగి వచ్చేముందు మావాడు మమ్మల్ని బౌలింగ్ గ్రీన్‌లో ఉన్న కార్వెట్ మ్యూజియానికి తీసుకెళ్ళాడు. 2014 ఫిబ్రవరి 12 తెల్లవారుజామున ఆ భవనంలో నేల కుంగి ఎనిమిది కార్లు గోతిలో పడిపోయాయి. అదృష్టవశాత్తూ మనుషులెవరూ లేరు. అందులో మూడింటిని బాగుచేశారు. మిగతా ఐదింటినీ నుజ్జయిన రూపంలోనే ఉంచేశారు. వాటి ముందు జనం ఎక్కువసేపు నిలబడుతున్నారు. మా అమ్మాయి నన్ను చూసి, "నాన్నా, కంట్లో కొత్త అద్దం, గుండెలో స్టెంటు, కొత్త పళ్ళు - నువ్వూ బాగుచేసిన పాత మోడలువే" అంది. "నంబరు మాత్రం పాతదేనమ్మా, పి.పి.ఓ. చూసుకో" అన్నాను.

మిత్రులారా, ముగించే ముందు పనికొచ్చే మాట ఒకటి. మనలో చాలామంది పాత స్కూటరో, కారో అమ్మేసి, డబ్బు తీసుకుని, సీ బుక్కు ఇచ్చేసి మరిచిపోతాం. 1988 మోటారు వాహనాల చట్టం 50వ సెక్షను ప్రకారం, మన రాష్ట్రంలోనే అమ్మితే 14 రోజుల్లోగా అమ్మినవాడు తెలియజేయాలి. కొన్నవాడు 30 రోజుల్లోగా తెలియజేయాలి. ఫారం 29, ఫారం 30 అందుకే. బదిలీ కాకపోతే, ప్రమాదం జరిగినప్పుడు రిజిస్టరులో పేరున్నవాడే నష్టపరిహారానికి బాధ్యుడని సుప్రీంకోర్టు 2018లో స్పష్టంగా చెప్పింది. బండి ఎవడి చేతిలోనో ఉంటుంది, నోటీసు మీ ఇంటికొస్తుంది. ఈ రాత్రికే ఇంటికి వెళ్ళి, పదేళ్ళ కిందట అమ్మిన స్కూటరు ఇంకా ఎవరి పేరున ఉందో మీ మనవళ్ళ చేత చూపించుకోండి.

విమానాశ్రయంలో వీడ్కోలు చెబుతూ మా అల్లుడు పర్సు తెరిచి చూపించాడు. ఆ పెన్సిలు ముద్ర కాగితం నాలుగు మడతలు పెట్టి అందులో ఉంది. "ఎందుకు బాబూ ఇది?" అంటే, "ఉండనివ్వండి మామయ్య గారూ" అన్నాడు. 1979 నాటి ఆ లారీ ఆసామికి నేను చెప్పలేకపోయిన మాట ఇన్నేళ్ళకి మీ ముందు చెప్పాను.