మరణవార్త, రుజువు, మన విచక్షణ
(తెలకపల్లిలో చేసిన ప్రసంగ పాఠం)



ఉగ్రవాద నాయకుడొకడు చనిపోయాడన్న వార్త వచ్చిన ప్రతిసారీ మన వీధుల్లో రెండు మాటలు వినబడుతున్నాయి. ‘వాడు చావలేదు, ఇదంతా నాటకం’ అన్నది ఒకటి. ‘వాణ్ణి ఎప్పుడో చంపి ఇప్పుడు చెబుతున్నారు’ అన్నది మరొకటి. ఈ రెండు మాటలూ ఎక్కడి నుండి పుడుతున్నాయో, వాటివల్ల మనకు లాభమో నష్టమో ఈ రోజు ఆలోచిద్దాం.

2011 మే 2న పాకిస్తాన్‌లోని అబొట్టాబాద్‌లో అమెరికా కమాండోలు ఒసామా బిన్ లాదెన్‌ను చంపారు. శవాన్ని యుద్ధనౌక మీదికి చేర్చి అరేబియా సముద్రంలో విడిచారు. ఫోటోలు విడుదల చేయబోమని అధ్యక్షుడు ఒబామా ప్రకటించాడు. అతడు ఆయుధంతో ఎదిరించాడని మొదట చెప్పిన అధికారులే, మరునాడు అతని చేతిలో ఆయుధం లేదన్నారు. శవం కనబడదు, ఫోటో లేదు, కథనం పూటకొక తీరుగా మారుతోంది. ఇక జనం నమ్మకపోవడంలో వింతేముంది? అదే సమయంలో ఎవరో తయారుచేసిన దొంగ ఫోటో ఒకటి లోకమంతా తిరిగింది. దాన్ని పేరున్న వార్తాసంస్థలు సైతం చూపించి నాలుక కరచుకున్నాయి.

అయితే నాలుగు రోజులు తిరక్కుండానే, మే 6న, తమ నాయకుడు మరణించాడని అల్ ఖైదాయే స్వయంగా ప్రకటించింది. సందేహం అక్కడితో తీరిపోవలసింది. తీరలేదు. రుజువు అడగడం ఒక స్థితి, రుజువు వచ్చిన తరువాత కూడా వద్దనడం ఇంకొక స్థితి. మొదటిది వివేకం. రెండవది మొండితనం. ఈ తేడా మన పిల్లలకు తెలియాలి.

సందేహించినవాడు ఎల్లప్పుడూ మూర్ఖుడు కాడని కూడా చరిత్ర చెబుతోంది. తాలిబాన్ అధినేత ముల్లా ఉమర్ 2013 ఏప్రిల్‌లో మరణించాడు. ఆ సంగతిని అతని అనుచరులే రెండేళ్లకు పైగా దాచారు. 2015 జూలైలో అతని పేరిట ఈద్ సందేశం సైతం వెలువరించారు. అదే నెలాఖరులో మరణవార్త బయటపడింది. అంటే అబద్ధం చెప్పేది ప్రభుత్వాలే కావు. ఇస్లాం పేరు చెప్పుకొని ఆయుధం పట్టినవారు తమ సొంత అనుచరులకే అబద్ధం చెప్పారు. అటువంటివారి మాటను కళ్లు మూసుకొని నమ్మే యువకుడు ఈ ఒక్క ఉదంతాన్నయినా గుర్తుంచుకోవాలి.

ఇక మన తెలంగాణ సంగతి. 2015 ఏప్రిల్ మొదటి వారంలో సూర్యాపేట బస్టాండులో ఇద్దరు పోలీసు సిబ్బంది హత్యకు గురయ్యారు. కొద్ది రోజులకే జానకిపురం వద్ద కాల్పుల్లో కానిస్టేబుల్ నాగరాజు మరణించారు. గాయపడిన ఎస్సై సిద్ధయ్య ఏప్రిల్ 7న ఆసుపత్రిలో కన్నుమూశారు. వారి కుటుంబాల దుఃఖం మన దుఃఖమే. ఈ మాట చెప్పకుండా మనం ఏ న్యాయం గురించి మాట్లాడినా అది సగం న్యాయమే అవుతుంది.

అదే ఏప్రిల్ 7న, వరంగల్ జైలు నుండి హైదరాబాద్ కోర్టుకు తరలిస్తున్న వికారుద్దీన్‌ను, మరి నలుగురు విచారణ ఖైదీలను ఆలేరు సమీపంలో పోలీసు వాహనంలోనే కాల్చి చంపారు. వికారుద్దీన్ ఒక ఉగ్రవాద ముఠాకు నాయకుడన్నది పోలీసుల ఆరోపణ. అతడు ఆయుధం లాక్కోబోయాడని వారి కథనం. కాని బయటికి వచ్చిన ఫోటోల్లో శవాలు సీట్లలోనే, చేతులకు బేడీలతో ఉన్నాయి. బేడీలు వేసిన చేతులు తుపాకీని ఎలా లాక్కుంటాయని సామాన్యుడు అడిగాడు. కుటుంబాలవారు సీబీఐ విచారణ కోరారు. ప్రభుత్వం ప్రత్యేక దర్యాప్తు బృందాన్ని నియమించింది.

ఆ ప్రశ్న అడిగినవారిని ఉగ్రవాదుల సానుభూతిపరులన్నారు. ఆ అయిదుగురు దోషులో కాదో తేల్చవలసింది న్యాయస్థానం. తీర్పు రాకముందే వారు చనిపోయారు. వారు నిర్దోషులయితే వారికి అన్యాయం జరిగింది. దోషులయితే, బాధిత పోలీసు కుటుంబాలకు కోర్టులో రుజువైన తీర్పు దక్కకుండా పోయింది. ఏ విధంగా చూసినా నష్టమే.

ఇది ముస్లింల ప్రశ్న మాత్రమే అనుకోవద్దు. నల్లమల అంచున ఉన్న మన పాలమూరు పల్లెలకు ‘ఎన్‌కౌంటర్’ అన్న మాట కొత్తది కాదు. 2019 డిసెంబర్ 6న షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో నలుగురు నిందితులను కాల్చి చంపినప్పుడు జనం పోలీసుల మీద పూలు చల్లారు. తరువాత సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ సిర్పూర్కర్ కమిషన్ పోలీసుల కథనాన్ని నమ్మలేదు. చంపాలనే ఉద్దేశంతోనే కాల్చారని తేల్చి, పదిమంది పోలీసులపై హత్య కేసు విచారణ జరగాలని సిఫారసు చేసింది. ఆనాడు సందేహించినవారు కొద్దిమందే. వారి సందేహానికి కమిషన్ నివేదికలో విలువ దక్కింది.

ప్రభుత్వ కార్యాలయంలో పనిచేసినవారికి ఒక సంగతి బాగా తెలుసు. మన ఊళ్లో సామాన్యుడు చనిపోతే 21 రోజుల్లో నమోదు చేయించాలి. మరణ ధ్రువీకరణ పత్రం లేకపోతే అతని భార్యకు పింఛను రాదు. పేదవాడి చావుకే ఇన్ని కాగితాలు అడిగే ప్రభుత్వం, తన చేతుల్లో జరిగిన చావుకు ఇంకెన్ని కాగితాలు చూపాలి? 2014 సెప్టెంబర్ 23న సుప్రీంకోర్టు ఈ విషయంలో 16 మార్గదర్శకాలు ఇచ్చింది. ఎఫ్ఐఆర్ నమోదు కావాలి. సీఐడీ గాని, వేరే పోలీస్ స్టేషన్ బృందం గాని దర్యాప్తు చేయాలి. పోస్టుమార్టం ఇద్దరు డాక్టర్లు చేయాలి, దాన్ని వీడియో తీయాలి. మెజిస్ట్రేట్ విచారణ జరగాలి. మనం అడగవలసినవి ఈ కాగితాలు. ఇవి సకాలంలో బయటపెడితే పుకారుకు చోటుండదు. దాచిపెడితే పుకారు పుట్టడంలో సగం తప్పు దాచినవారిదే.

మిగతా సగం మనది. కాగితం అడిగే ఓపిక లేక, సెల్‌ఫోన్‌లో వచ్చిన ప్రతి కథనూ పదిమందికి పంపడం మన యువకులకు అలవాటయింది. దానివల్ల కేసులో ఇరుక్కునేది ఎక్కడో కూర్చుని ఆ కథ అల్లినవాడు కాదు, దాన్ని ముందుకు పంపిన మన పిల్లవాడు. పుకారు వల్ల నిజమైన ప్రశ్న కూడా బలహీనపడుతుంది. ‘బేడీలు ఎందుకున్నాయి?’ అన్న ప్రశ్నకు సమాధానం చెప్పలేనివారు, ‘చనిపోయింది వాడే కాదు’ అన్న పిచ్చిమాటను చూపి మనందరినీ కొట్టిపారేస్తారు.

అనుమానం ఒకసారి పాతుకుంటే ఎంత దూరం పోతుందో చూడండి. అబొట్టాబాద్‌లో బిన్ లాదెన్ ఆచూకీ కోసం అమెరికా గూఢచార సంస్థ ఒక టీకాల కార్యక్రమాన్ని ముసుగుగా వాడుకుంది. అది బయటపడ్డాక ఆ దేశంలో పోలియో చుక్కల మీదే అనుమానం ముదిరింది. 2012లో వజీరిస్తాన్‌లో తాలిబాన్లు పోలియో టీకాలను నిషేధించారు. గూఢచారులు చేసిన మోసానికి శిక్ష పడింది పసిపిల్లల కాళ్లకు.

ఎవరైనా ఒక వార్త తెస్తే విచారించి నిర్ధారించుకోవాలని, తెలియక ఎవరికో హాని చేసి తరువాత పశ్చాత్తాపపడే స్థితి తెచ్చుకోవద్దని సూరా హుజురాత్ మనకు బోధిస్తున్నది. ఇది పోలీసు ప్రకటనకూ వర్తిస్తుంది, టీవీ వార్తకూ వర్తిస్తుంది, మన వాట్సాప్ గ్రూపుకూ వర్తిస్తుంది.

కనుక మా విజ్ఞప్తి ఇది. ఆయుధం పట్టి అమాయకులను చంపినవాడు బతికున్నాడా చచ్చాడా అన్నది మన గౌరవానికి సంబంధించిన విషయం కాదు. వాడు మన నాయకుడు కాడు. వాడికోసం కథలు అల్లడం మనకు తగదు. పోలీసు కస్టడీలో ఎవరు మరణించినా, ఏ కులమైనా ఏ మతమైనా, ఎఫ్ఐఆర్ ఏది, పోస్టుమార్టం నివేదిక ఏది, మెజిస్ట్రేట్ విచారణ ఏమైందని లిఖితపూర్వకంగా అడుగుదాం. సమాచార హక్కు చట్టం చేతిలో ఉంది. దరఖాస్తు రాయడం రానివారికి రాసిపెట్టడానికి మావంటి పెద్దలున్నారు.

తల్లిదండ్రులారా, బిడ్డ ఫోన్‌లో ఏముందని గద్దించడం కంటే, ‘ఇది నీకెవరు చెప్పారు, వారికెలా తెలిసింది?’ అని నెమ్మదిగా అడగండి. ఆ రెండు ప్రశ్నలు అలవాటైన బిడ్డను ఉగ్రవాదీ మోసగించలేడు, పుకారూ మోసగించలేదు.

అల్లాహ్ మనందరికీ సత్యాన్ని గుర్తించే విచక్షణను, దానిపై నిలిచే ధైర్యాన్ని ప్రసాదించుగాక. ఆమీన్.