ఇంటి గుట్టు ఎవరు విప్పాలి?

(అమలాపురంలో స్త్రీల సంఘాల కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



"ఇంటి గుట్టు లంకకు చేటు" అన్న సామెత, చుట్టూ లంక గ్రామాలున్న ఈ కోనసీమలో మనందరం చిన్నప్పటి నుంచీ విన్నదే. ఆ మాటతో నోరు మూయించేది ఎక్కువగా ఆడవాళ్ళనీ, పిల్లలనీ. 2005 నాటి గృహహింస చట్టం మాటలతో, మానసికంగా పెట్టే బాధను కూడా హింసగానే గుర్తించింది. కాబట్టి గుట్టు విప్పాలా వద్దా అన్నది ఇవాళ్టి ప్రశ్న కాదు. విప్పినప్పుడు దోషిగా ఎవరు నిలబడుతున్నారన్నదే ప్రశ్న.

రాజోలు దగ్గర ఒక ఊళ్ళో ఇంటర్ చదివే కుర్రవాడు సెల్‌ఫోన్‌లో నాకొక ఇంగ్లీషు ర్యాప్ పాట వినిపించి "ఇది నా పాటేనండి" అన్నాడు. అమెరికన్ గాయకుడు ఎమినెమ్ 2002లో తల్లిని నిలదీస్తూ పాడిన పాట అది. ఈ కుర్రవాడి తల్లి కువైట్‌లో ఇంటిపని చేస్తోంది. వాడు అమ్మమ్మ దగ్గర పెరిగాడు.

హిప్‌హాప్ 1970లలో న్యూయార్క్‌లోని బ్రాంక్స్ పేటలో, నల్లజాతి, లాటిన్ అమెరికా యువకుల మధ్య పుట్టింది. ఎవరూ వినిపించుకోని వాళ్ళు తమ బతుకును తామే చెప్పుకున్న గొంతు అది. ఆ గొంతుతో ఒక కొడుకు తన బాల్యం గురించి చెప్పుకుంటే తప్పేముంది? ఆ బాధను నేను కాదనను. తల్లి గనుక తప్పు చేయదనీ అనను.

అయితే ఆ తల్లి డెబీ కథ కూడా చూడండి. పదిహేనేళ్ళకు పెళ్ళి, పదిహేడేళ్ళకు బిడ్డ. బిడ్డ పసివాడుగా ఉండగానే భర్త వదిలి వెళ్ళిపోయాడు. కొడుకు తన పరువు తీశాడని 1999లో దావా వేసింది. 2001లో 25,000 డాలర్లకు రాజీ కుదిరితే, లాయరు ఫీజు పోను ఆమె చేతికి వచ్చింది సుమారు 1,600. వదిలేసి పోయిన తండ్రికి ఆ పాటలో దక్కింది నాలుగు మాటలు. మిగిలిందంతా తల్లికే! ఉన్న మనిషే దోషి అవుతుంది. పితృస్వామ్యం పనిచేసే తీరే అది.

పదేళ్ళు దాటాక ఆ కొడుకే మరో పాటలో తల్లిని క్షమాపణ అడిగాడు. 2014లో మాతృ దినోత్సవం నాడు దాని వీడియో విడుదల చేశాడు. 2024 డిసెంబరులో ఆమె చనిపోయింది.

మన కుర్రవాడి తల్లి సెలవుకు వచ్చినప్పుడు ఈ సంగతి చెప్పాను. ఆమె కాసేపు మాట్లాడలేదు. "ఆయ్, ఆడన్నది నిజమేనండి. నేను దగ్గర లేను. ఎందుకు లేనో ఆ పాటలో లేదు కదండీ" అంది.

భర్త చేసిన అప్పు, ఏజెంటుకు కట్టిన డబ్బు, కూతురి పెళ్ళి, ఇవేవీ కొడుకుకి ఎవరూ చెప్పలేదు. ఇంటి గుట్టు కదా! గుట్టు దాచిపెట్టినందుకు తల్లి దోషి అయింది.

గల్ఫ్ వెళ్ళిన స్త్రీల పిల్లలతో పనిచేసే మనం "అమ్మనలా అనకూడదు" అని వాళ్ళ నోరు మూయించవద్దు. వాళ్ళ కోపాన్ని పూర్తిగా విందాం. విన్నాక రెండు ప్రశ్నలు అడుగుదాం: ఈ కథలో నాన్న ఎక్కడ? అమ్మ ఎందుకు వెళ్ళింది? ఆ జవాబులు దొరికితే వాళ్ళు తమ రెండో పాట కోసం పదేళ్ళు ఆగనక్కర్లేదు.