పెట్ట యేది? పుంజు యేది?



పెరటిలో పది కోడిపిల్లలు తల్లి రెక్కల క్రిందినుండి తలలు బయటపెట్టి చూచుచున్నప్పుడు ఇంటివారి మనస్సున పుట్టు మొదటి ప్రశ్న యొకటే: వీనిలో పెట్టలెన్ని, పుంజులెన్ని? ఇది వినోదమునకై అడుగు ప్రశ్న కాదు. పెట్టలు నిలిచిన గ్రుడ్లు నిలుచును, మరుసటి యేటి పిల్లలు నిలుచును. పుంజులు హెచ్చైన మేత హెచ్చును, పోరులు హెచ్చును. ఏ పిల్లను ఉంచుకొనవలెను, దేనిని అమ్మవలెను అను నిర్ణయ మంతయు ఈ గుర్తింపుమీదనే ఆధారపడి యున్నది.

సంగారెడ్డి జిల్లాలో, పటాన్‌చెరు పారిశ్రామికవాడకు చేరువనున్న ఇంద్రేశము వంటి గ్రామములందు ఈ ప్రశ్నకు మరియొక ముఖము కూడ ఏర్పడినది. పొలములున్న చోట ఇండ్ల వరుసలు లేచినవి. గోడకు గోడ ఆనుకొని కాపురములు వెలసినవి. ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు ముగించుకొని వచ్చి, ప్రొద్దు పొడిచిన పిదప కన్ను మూయువారు ప్రక్కయింట నుందురు. అట్టివారికి పుంజు కూత మేలుకొలుపు కాదు, శిక్ష.

మా యనుభవమునే చెప్పుదుము. సంతలో ఒక గంపవాడు ఆరును పెట్టలేయని చెప్పగా నమ్మి, నెల దాటిన పొట్టిజాతి పిల్లలను కొంటిమి. కొన్న మూడవ నెలలోనే రెండు కూయ నారంభించినవి. ప్రక్కయింటి యాయన వచ్చి, “అన్నా, పొద్దంత నిద్ర పడ్తలేదు, జర చూడుండ్రి” అని మర్యాదగనే చెప్పెను. మేము సిగ్గుపడి, జుట్టు ఎర్రబారిన నాలుగింటిని తొందరపడి అమ్మివేసితిమి. రెండు నెలలు గడచిన పిదప, కొన్న యామె నవ్వుచు, వానిలో నొకటి గ్రుడ్లు పెట్టుచున్నదని చెప్పెను. మొదటిమారు ఇతరుని మాట నమ్మి మోసపోతిమి. రెండవమారు మమ్ము మేమే మోసపుచ్చుకొంటిమి.

ఈ విషయమున పెద్దలు చెప్పు గుర్తులు పెక్కు గలవు. కొనదేలిన గ్రుడ్డు నుండి ఒకటి, గుండ్రని గ్రుడ్డు నుండి మరియొకటి వచ్చునందురు. దారమునకు సూది కట్టి పిల్లపై వ్రేలాడదీసి, అది ఊగు తీరునుబట్టి నిర్ణయింతురు. ప్రాచీన గ్రీకు పండితుడు అరిస్టాటిలు సైతము గ్రుడ్డు ఆకారములో ఈ రహస్యమును వెదకెను. కాని యొక మాట గమనింపుడు. పొదిగిన పిల్లలలో సుమారు సగము పెట్టలు, సగము పుంజులు. కావున కన్నులు మూసికొని జోస్యము చెప్పినను సగము నిజమగును! నిజమైన సగము జ్ఞాపకముండును, తప్పిన సగము మరుపున పడును. ఈ నమ్మకములు ఇంతకాలము బ్రదుకుటకు కారణమిదియే.

పెట్టయో పుంజో యను నిర్ణయము గ్రుడ్డు పెట్టుటకు ముందే, తల్లి కడుపులో జరిగిపోవును. పుంజులో లింగమును నిర్ణయించు క్రోమోజోములు రెండును ఒకే తీరువి. పెట్టలో ఒకదాని కొకటి వేరు. తల్లి ఆ రెండింటిలో దేని నిచ్చునో దానినిబట్టి పిల్ల లింగ మేర్పడును. మనుష్యులలో ఇది తలక్రిందులు. అక్కడ తండ్రి యిచ్చునదే నిర్ణాయకము. ఆడపిల్ల పుట్టెనని కోడలిని నిందించు నత్తలు, తమ పెరటి కోళ్ళకు తగిన న్యాయమును ఇంటి కోడలిపై మోపుచున్నారన్న మాట!

ఒకనాటి పిల్లలోనే లింగమును గుర్తించు విద్యను జపాను దేశీయులు సాధించిరి. కియోషి మసుయి, ఆయన సహచరుడు హషిమోటో మలద్వారమునందలి అతి సూక్ష్మమైన బుడిపెను పరీక్షించు పద్ధతిని కనుగొనిరి. 1927లో కెనడాలోని ఒట్టావాలో జరిగిన ప్రపంచ కోళ్ళ మహాసభలో అది లోకమునకు తెలిసినది. శిక్షణ పొందినవారు గంటకు వేయి పిల్లలవరకు పరీక్షించి, నూటికి తొంబదియెనిమిది సరిగా చెప్పగలరు. కాని ఆ నేర్పు నెలల తరబడి సాధన చేసినవారిది. మన చేతులతో లేత పిల్లను నొక్కిన, దాని ప్రాణమునకే ముప్పు. ఇంట దీనిని ప్రయత్నింపరాదు.

పుట్టిననాడే కంటితో చూచి చెప్పగల సందర్భములును లేకపోలేదు. తల్లి ఈకలపై అడ్డచారలు గల జాతిది, తండ్రి చారలు లేని నల్లనిదో ఎర్రనిదో యైనచో, మగపిల్ల నెత్తిపై తెల్లని మచ్చ యుండును, ఆడపిల్లకు ఉండదు. తండ్రి తెల్లనిదైన ఈ గుర్తు పనికిరాదు. అట్లే కొన్ని హేచరీలలో ఈకలు త్వరగా మొలచు జాతి పుంజును, నెమ్మదిగా మొలచు జాతి పెట్టను జతపరతురు. వాని ఆడపిల్లలకు పుట్టుకతోనే రెక్క యీకలు పొడవుగా నుండును. తలిదండ్రుల నెంచి జతకూర్చినప్పుడే ఈ గుర్తులు పనిచేయును. నానాజాతులు కలిసిన పెరటి మందలో రెక్క విప్పి చూచి తీర్పు చెప్పుట పొరపాటు.

ఇక మనబోటివారికి దారి యేది? ఓర్పు. మూడు నాలుగు వారములలో మగపిల్ల జుట్టు కొంచెము పెరిగి, రంగు తిరుగును, కాళ్ళు లావెక్కును. ఆడపిల్లకు తోక ముందుగా, చక్కగా మొలచును. మగపిల్ల తోక చాలకాలము మొండిగా నుండును. ఆరు మొదలు ఎనిమిది వారములలో పుంజు జుట్టును, గొంతు క్రింద వ్రేలాడు తోలును ఎర్రబారును. ఎల్లవానికన్న నమ్మదగిన గుర్తు పది పండ్రెండు వారములకు వచ్చును. మెడమీదను, తోక మొదటను క్రొత్తగా మొలచు ఈకలను చూడుడు. పుంజుకు అవి సన్నగా, పొడవుగా, మొనదేలి మెరయుచుండును. పెట్టకు కొనలు గుండ్రముగా నుండును. జుట్టు ఒక్కదానినే నమ్మరాదు. గ్రుడ్డు పెట్టు కాలము సమీపించినప్పుడు పెట్ట జుట్టు కూడ ఎర్రబారును. మేము పొరబడిన దిక్కడనే.

జాతినిబట్టి కొన్ని మినహాయింపులు గలవు. మన ఆంధ్రదేశపు అసీలు కోళ్ళకు జుట్టు బఠానీగింజలు పేర్చినట్లు చిన్నదిగా నుండును గనుక ఆ గుర్తు ఆలస్యముగా తెలియును. జావా దీవిలోని బాంటం రేవు పేరుతో ప్రసిద్ధికెక్కిన పొట్టికోళ్ళలో, ఇంగ్లండున పుట్టిన సెబ్రైటు అను జాతి యొకటి కలదు. దాని పుంజుకు సైతము పెట్టవలె గుండ్రని యీకలే యుండును! అట్టివానిలో జుట్టు, కాళ్ళు, నడక, తుదకు కూత అన్నియు కలిపి చూడవలెను.

మరి ఆచరణలో చేయవలసిన దేమి? ప్రతి పిల్ల కాలికి వేరు వేరు రంగుల దారము కట్టి, వారమున కొకమారు చూచినదానిని పుస్తకములో వ్రాయుడు. కాలు లావెక్కుకొలది దారమును వదులు చేయుట మరువకుడు. పండ్రెండు వారములు నిండనిదే దేనిని అమ్మకుడు. లింగము తెలియువరకు కొక్కెర తెగులు టీకాను ఆపుదమనుకొనుట తెలివితక్కువ. ఆ తెగులు పెట్ట పుంజుల భేదము నెరుగదు. ఎనిమిది పది పెట్టలకు ఒక పుంజు చాలును. అంతకు మించిన పెట్టల వీపులు గాయపడును. గ్రుడ్లు తినుటకు మాత్రమే పెంచువారికి పుంజు అక్కరయే లేదు. పుంజు లేకున్నను పెట్ట గ్రుడ్లు పెట్టును, అవి పొదుగుటకు మాత్రము పనికిరావు. క్రొత్తగా మొదలిడువారు హైదరాబాదు రాజేంద్రనగరమందలి కోళ్ళ పరిశోధన సంస్థ పెరటి పెంపకమునకై రూపొందించిన వనరాజ, గ్రామప్రియ జాతులను గూర్చి తెలిసికొనవచ్చును.

గ్రుడ్ల కొరకే పెంచు జాతులలో, మగవాయెనన్న ఒకే కారణముచే ఒకనాటి పిల్లలను చంపివేయుట లోకమున పెద్ద హేచరీల వాడుక. జర్మనీ దేశము 2022 మొదలు దానిని నిషేధించి, గ్రుడ్డులోనే లింగమును కనుగొను యంత్రములకు దారి తీసినది. మన పెరటిలో అట్టి క్రౌర్యమునకు తావు లేదు. పండుగనాటికి పెరిగిన పుంజుకు మంచి వెల వచ్చును.

మా ఇంట ఇప్పు డొకే పుంజు కలదు. ప్రొద్దెక్కువరకు దానిని చీకటి గూటిలో మూసి యుంచుచున్నాము. కూత పూర్తిగా మానలేదు గాని తగ్గినది. ప్రక్కయింటి యాయన తన కొమారుని పంపి నెలకు ముప్పది గ్రుడ్లు మాయొద్దనే కొనుచున్నాడు.