వడ్ల పైసలు చలికాలం దాటాలంటే

(మేడ్చల్, శామీర్‌పేట ప్రాంత సభ్యుల సమావేశంలో సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఈసారి సమావేశంలో ఇంటి ఖర్చు గురించి మాట్లాడుకుందామని అంటే మనవాళ్లలోనే కొందరు ముఖం చిట్లించారు. "ధర ఇయ్యమని సర్కారును అడగాలె గాని, కడుపు కట్టుకోమని రైతుకు చెప్పుడేంది?" అన్నారు. సరైన ప్రశ్నే. కడుపు కట్టుకోమని చెప్పడానికి మనం ఇక్కడ కూర్చోలేదు. చేతిలో నెల రోజుల ఇంటి ఖర్చు ఉన్న రైతు, వడ్లలో తేమ 17 శాతానికి దిగేదాకా ఆరబోసి, కొనుగోలు కేంద్రంలో మద్దతు ధరకు తూకం వేయిస్తాడు. అది లేని రైతు పచ్చివడ్లను కల్లంలోనే దళారికి అప్పజెప్పి, అతను చెప్పిన ధరకు తల ఊపుతాడు. ఇంట్లో నిల్వ ఉంటేనే బయట కొట్లాడగలం. అందుకే ఈ మాటలు.

మన ప్రాంతానికి ఇంకో ప్రమాదం కూడా ఉంది. దూరపు జిల్లాలో రైతు ఇంట్లో లోటు పడితే షావుకారి గడప తొక్కుతాడు. మన దగ్గర ఆ గడప కూడా తొక్కక్కర్లేదు, ప్లాట్ల బ్రోకరే ఫోన్ చేస్తాడు. ఔటర్ రింగు రోడ్డు, తుర్కపల్లి జీనోమ్ వ్యాలీ, అటు నాగ్‌పూర్ రోడ్డు, ఇటు రాజీవ్ రహదారి. వీటి నడుమ మన చెలకకు కొనేవాడు ఎప్పుడూ సిద్ధమే. బిడ్డ పెండ్లికి అయిదు గుంటలు, కొడుకు కాలేజీ ఫీజుకు మూడు గుంటలు. నలభై గుంటల ఎకరం ఇట్లా అయిదు, మూడు పోతూ ఉంటే ఎన్నేండ్లు నిలుస్తుంది? అయిదు గుంటలంటే 605 గజాలు. ఇయ్యాల రేటుకు ఆ గజాలను తిరిగి కొనే శక్తి వ్యవసాయం మీద బతికే మనలో ఎవరికుంది? కార్తీకం నుంచి సంక్రాంతి దాటేదాకా ఇంట్లో పడే లోటు మనకు అప్పుగా మిగలదు, భూమిగా పోతుంది.

ఇక లెక్కకు వద్దాం. ఉదాహరణకు రెండెకరాల వరి రైతును తీసుకుందాం. ఎకరానికి 25 క్వింటాళ్లు పండిందనుకుంటే 50 క్వింటాళ్లు. 2025–26కు ఏ గ్రేడు వడ్ల మద్దతు ధర క్వింటాలుకు 2,389 రూపాయలు. మొత్తం 1,19,450. దున్నకం, నాట్లు, ఎరువుల దుకాణం బాకీ, కోత మిషన్, ట్రాక్టర్ కిరాయి కలిపి ఎకరానికి 30 వేలు వేసుకున్నా 60 వేలు పోతాయి. మిగిలింది 59,450. యాసంగికి మళ్లీ రెండెకరాలు నాటాలంటే 50 వేలు పక్కన పెట్టాలి. ఇక ఇంటికి మిగిలేది 9,450. చలికాలం మొత్తానికి అంతే.

మీ లెక్కలో అంకెలు కొంచెం అటూ ఇటూ ఉంటాయి. సన్నాలు పండించిన వాళ్లకు సర్కారు ఇస్తామన్న 500 బోనస్ చేతికి వస్తే ఇంకో 25 వేలు కలుస్తాయి. రైతు భరోసా ఎకరానికి సీజనుకు 6 వేల చొప్పున 12 వేలు. ఇవి రావాల్సినవే, వాటి కోసం కొట్లాడాల్సిందే. కానీ ఖాతాలో పడని పైసలను బడ్జెట్‌లో రాసుకోవద్దు. ఫోన్‌కు మెసేజ్ వచ్చిన రోజు రాసుకోండి.

ఈ లెక్క చూస్తే ఒకటి అర్థమవుతుంది. రెండెకరాల వరితో ఇల్లు నడవదు. ఇల్లు నడిపేది బర్రె పాలు, ఆకుకూరల మడి, ఇంట్లో ఎవరో ఒకరు చేసే కూలో నౌకరో. కాబట్టి వడ్ల పైసలు వచ్చిన నాడే యాసంగి పెట్టుబడిని తీసి వేరే ఖాతాలో వేయండి. వీలైతే ఇంటి ఆడవాళ్ల పేరు మీద వేయండి. చెప్పాలంటే మగవాళ్ల జేబు కన్నా ఆ ఖాతాయే భద్రం. ఇంటి ఖర్చును మాత్రం వారం వారం వచ్చే పాల పైసలకు, కూర పైసలకు ముడిపెట్టండి.

పొదుపు అనగానే మనం ఉప్పు, చింతపండు దగ్గర మొదలుపెడతాం. అసలు పెద్ద చిల్లు అక్కడ లేదు, మిత్తిలో ఉంది. యాసంగికి 50 వేలు నూటికి మూడు రూపాయల మిత్తికి తెస్తే అయిదు నెలలకు 7,500 కట్టాలి. అదే 50 వేలు కిసాన్ క్రెడిట్ కార్డు మీద తీసుకుని గడువులోపు కడితే 4 శాతం మిత్తి పడుతుంది. అయిదు నెలలకు సుమారు 833 రూపాయలు. తేడా 6,667. ఆరు నెలలు చాయ్ మానేసినా ఒక ఇంట్లో ఇంత మిగలదు. 3 లక్షల దాకా పంట రుణానికి ఈ మిత్తి రాయితీ ఉంది. 2025 జనవరి 1 నుంచి 2 లక్షల దాకా తాకట్టు లేకుండా ఇవ్వాలని రిజర్వు బ్యాంకు చెప్పింది. అయినా పాత బాకీ రెన్యువల్ చేయించుకోక, గడువు దాటించి, రాయితీ పోగొట్టుకున్న ఇండ్లు మన ఊళ్లలో చాలా ఉన్నాయి. గడువు తేదీని క్యాలెండరులో పండుగల పక్కనే రాసిపెట్టుకోండి.

కరెంటు సంగతి. గృహజ్యోతి కింద నెలకు 200 యూనిట్ల లోపు వాడిన అర్హులకు సున్నా బిల్లు వస్తోంది. 200 దాటిందా, సున్నా పోయి బిల్లు చేతికి వస్తుంది. రెండు వేల వాట్ల గీజరు రోజుకు గంట నడిస్తే 2 యూనిట్లు, నెలకు 60. మామూలుగా 150 కాలే ఇల్లు 210కి పోతుంది. అంటే వేడినీళ్ల కోసం మొత్తం బిల్లు నెత్తిన పడుతుంది. కాబట్టి నడినెలలో ఒకసారి మీటరు చూడండి. కంది కట్టె, పత్తి కట్టె, మక్క బెండ్లు చేనులో తగలబెట్టకుండా తెచ్చి పెడితే నీళ్లపొయ్యి చలికాలమంతా వాటితోనే వెలుగుతుంది. గ్యాసు కూడా మిగులుతుంది. 500 రూపాయల సిలిండరు పథకంలో పాత మూడేండ్ల సగటు వాడకాన్ని బట్టే సిలిండర్ల సంఖ్య కట్టారు. దానికి మించి వాడితే పూర్తి ధరే.

ఒక్క హెచ్చరిక. చలికి తలుపులు మూసి గదిలో నిప్పుల కుంపటి పెట్టుకుని పడుకోవద్దు. దాని నుంచి వచ్చే వాయువుకు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. కుంపటి వాకిట్లోనే ఉండాలి. ఇంట్లోకి ఈదురుగాలి రాకుండా తలుపు కింద సందుకు గోనెసంచి చుట్టి పెడితే చాలు. పాత చీరల బొంతలు నాలుగు రోజులు ఎండలో వేసి చిరుగులు కుట్టుకోండి. గొంగడి కొనాలనుకుంటే మన కురుమ సోదరుల దగ్గరే కొనండి. బజారులో దొరికే రగ్గు రెండేండ్లకు పలుచనవుతుంది, గొంగడి పదేండ్లు ఉంటుంది.

తిండి విషయంలో ఒకటి మాత్రం గట్టిగా చెప్పాలి. పాలన్నీ కేంద్రంలో పోసి పిల్లలకు నల్లచాయ్ ఇచ్చే పొదుపు పొదుపు కాదు. పెద్దవాళ్ల బీపీ గోలీలు కూడా చలికాలంలో ఆపొద్దు. చలికి రక్తపోటు పెరుగుతుంది. పల్లె దవాఖానాలో ఉచితంగా ఇచ్చే గోలీలు క్రమంగా తెచ్చుకుంటే కార్పొరేట్ ఆస్పత్రి మెట్లు ఎక్కే పని తప్పవచ్చు. కందిపప్పు ఇప్పుడే బస్తా కొనకండి. కొత్త కందులు చేతికొచ్చేదాకా నెలకు సరిపడా కొని, అప్పుడు ఊళ్లోనే రైతు దగ్గర తీసుకుని, బాగా ఎండబెట్టి వేపాకు వేసి దాచుకోండి. బోరు పక్కన రెండు గుంటల్లో పాలకూర, మెంతి, కొత్తిమీర చల్లితే నెలలో కోతకొస్తాయి. బోయిన్‌పల్లి మార్కెట్‌కు కూర తోలే మనమే సాయంత్రం కాలనీ బండి దగ్గర కట్ట కొత్తిమీర కొంటున్నామంటే నవ్వాలో ఏడవాలో తెలియదు. టమాట ధర పడిపోయిన రోజుల్లో రోడ్డు మీద పారబోయకుండా కొంత ఒరుగులు చేసుకుంటే ఎండాకాలం కొనే పని ఉండదు. అట్లాగని నష్టమంతా ఒరుగులతో తీరుతుందని మనం అనడం లేదు. అల్వాల్ రైతుబజారులో నేరుగా అమ్ముకునే గుర్తింపు కార్డు అడగండి. అది రైతు హక్కు.

పశువులకు పచ్చిమేత తగ్గే కాలమిది. ఎండుగడ్డిని తడవకుండా వాము వేసుకోండి. 100 కిలోల గడ్డికి 4 కిలోల యూరియా 50 లీటర్ల నీళ్లలో కలిపి చల్లి, గాలి చొరకుండా 21 రోజులు కప్పి ఉంచితే గడ్డి బలం పెరుగుతుంది. మేపే ముందు కాసేపు ఆరబెట్టాలి. ఆరు నెలల లోపు దూడలకు పెట్టొద్దు. దాణా బస్తా ఖర్చు కొంత తగ్గుతుంది.

పెండ్లిళ్లు, కొమురవెల్లి మల్లన్న జాతర. వద్దనే ధైర్యం మనకు లేదు, అవసరమూ లేదు. అయిదు ఇండ్లు కలిసి ఒక బండి మాట్లాడుకోండి. ఆడవాళ్లకు ఆర్టీసీ టికెట్టు లేదు కాబట్టి అదీ చూడండి. పెండ్లికి మాత్రం ఒక్క నియమం పెట్టుకుందాం: బయానా తీసుకుని పెండ్లి చేయొద్దు. భూమి అమ్మే మాట వస్తే పెండ్లి పందిట్లో కాదు, ఇంట్లో ఆడవాళ్లతో సహా అందరూ కూర్చుని మాట్లాడిన తర్వాతే రావాలి.

చివరగా కౌలు రైతుల మాట. నగరంలో ఉన్న భూస్వాముల చెలకలను శామీర్‌పేట చుట్టుపక్కల దున్నుతున్నది కౌలుదారులే. పైన చెప్పిన బ్యాంకు లెక్క వాళ్లకు వర్తించడం లేదు. పాస్‌బుక్ లేదు, క్రాప్ లోను లేదు. 2011 నాటి భూ అధీకృత సాగుదారుల చట్టం కింద కార్డు ఇవ్వాలని సంఘం అడుగుతూనే ఉంది. కార్డు వచ్చేదాకా నలుగురైదుగురు కలిసి ఉమ్మడి బాధ్యతా బృందంగా బ్యాంకుకు వెళ్లండి. "ఇయ్యం" అని నోటిమాటతో పంపిస్తే ఊరుకోకండి. దరఖాస్తు రాసి ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి. ఆ కాగితం జిరాక్స్ సంఘానికి ఇవ్వండి. అవన్నీ కట్టగట్టి జిల్లా లీడ్ బ్యాంకు అధికారి ముందు పెడదాం.