తమ్ముని మొర
రేడియో ప్రసంగము. వాక్యభాగము: ఆదికాండము 37:23-28, 42:21-24



ఈ మధ్య సుల్తానాబాదులో ఆరాధన ముగిసిన తరువాత ఒక తల్లి నన్ను ఆపి, "అయ్యగారూ, బుల్లీ అంటే ఏంది?" అని అడిగింది. కరీంనగర్ హాస్టల్లో ఉన్న కొడుకు ఫోన్‌లో ఆ మాట అన్నాడట. ఏమైంది బిడ్డా అంటే చెప్పకుండా పెట్టేశాడట. ఆమెకు తెలిసినది సినిమాల్లో ముద్దుగా పిలిచే బుల్లి ఒక్కటే.

ఇంటికి వెళ్లి నిఘంటువు తీశాను. బుల్ అంటే ఎద్దు గనుక, కొమ్ములతో పొడిచేవాడే బుల్లీ అని నేను అనుకునేవాడిని. అది కాదట. పాత డచ్చి భాషలో ప్రియుడు, సహోదరుడు అనే అర్థాలున్న ఒక మాట నుండి ఇది వచ్చిందని పండితులు చెబుతారు. 1530ల ప్రాంతంలో ఇంగ్లీషులో అది ప్రియమైనవారిని పిలిచే పిలుపు. షేక్స్పియర్ వ్రాసిన మిడ్ సమ్మర్ నైట్స్ డ్రీమ్ నాటకంలో బాటమ్ అనే నేత పనివాడిని తోటివారు ఆ మాటతోనే ఆప్యాయంగా పిలుస్తారు. తరువాత అది మంచి దోస్తు అయింది, ఆ తరువాత గొప్పలు చెప్పుకొనేవాడు, 17వ శతాబ్దం ముగిసేసరికి బలహీనులను బాధించేవాడు. సహోదరుడు అనే మాట ఎక్కడికి దిగజారిందో చూశారా?

ప్రియులారా, ఈ కథ మన బైబిలులో అంతకు ముందే ఉంది. యోసేపును గుంటలో వేసినవారు పరాయివారు కారు. అమ్మివేద్దామని సలహా ఇచ్చిన యూదా కూడా, అదే నోటితో, వీడు మన సహోదరుడు, మన రక్తసంబంధి అన్నాడు. 37వ అధ్యాయమంతా వెదకండి, యోసేపు ఏడ్చినట్లు ఒక్క ముక్క కనబడదు. అన్నలు భోజనానికి కూర్చున్నారు, అంతే. ఇరవై ఏండ్లు గడిచి, ఐగుప్తులో తమకే కష్టం వచ్చినప్పుడు 42వ అధ్యాయంలో ఒకరితో ఒకరు చెప్పుకొంటారు: వాడు మనలను బతిమాలుకొన్నాడు, వాని వేదన చూశాము, అయినా వినలేదు అని. అంటే ఆ రోజు ఏడుపు ఉంది. అది వింటూనే అన్నం తిన్నారు.

మన కళాశాలల్లో దీనికి రాగింగ్ అని పేరు. ఇంగ్లండు విద్యార్థుల యాసలో నుండి వచ్చిన మాట. ఆ మాటలో ఏడుపు వినబడదు, సరదాలాగా ఉంటుంది. మన తెలుగే నయం. ఏడిపించడం అంటాం. ఏడ్చేవాడు ఆ మాటలోనే ఉన్నాడు.

1997లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ రాగింగ్ నిషేధ చట్టం చేసింది. అవమానించినా, ఆట పట్టించినా 6 నెలల వరకు జైలు. ప్రాణం తీసుకొనేంతగా వేధిస్తే జీవిత ఖైదు దాకా ఉంది. అయినా 2015 జూలైలో నాగార్జున విశ్వవిద్యాలయంలో ఒక విద్యార్థిని, 2023 ఫిబ్రవరిలో వరంగల్‌లో ఒక వైద్య విద్యార్థిని మనకు లేకుండా పోయారు. రెండు చోట్లా సీనియర్ల మీద వేధింపు కేసులు నమోదయ్యాయి. తీర్పు న్యాయస్థానానిది. నేను ఆ తల్లిదండ్రులను తలచుకొని చెబుతున్నాను.

ఆ చట్టం వచ్చిన మరుసటి సంవత్సరం నేను ఒక హాస్టల్లో రెండవ సంవత్సరం విద్యార్థిని. చట్టం సంగతి మాలో ఎవరికీ తెలియదు. ఆదిలాబాద్ వైపు పల్లె నుండి ఒక తమ్ముడు కొత్తగా వచ్చాడు. రాత్రి భోజనాలయ్యాక మావాళ్లు వాణ్ణి బెంచీ ఎక్కించి, ఇంగ్లీషు పాఠం గట్టిగా చదివించేవారు. తప్పు పలికిన ప్రతి మాటకూ, "అన్నా, తప్పైంది" అనాలి. నేను కొట్టలేదు, తిట్టలేదు. నవ్వాను. బెంచీకి దగ్గరగా కూర్చొని నవ్వాను. ఆదివారం చర్చిలో పాటలు కూడా పాడేవాడిని, అది వేరే సంగతి. మూడు వారాలకు వాడు ట్రంకు పెట్టె పట్టుకొని వెళ్లిపోయాడు. మళ్లీ చదువుకున్నాడో లేదో మేమెవరం అడగలేదు.

చాలా ఏండ్లకు సుల్తానాబాద్ బస్టాండులో అతడు కనబడ్డాడు. నేనే గుర్తుపట్టి, పేరు చెప్పి, ఆ రాత్రుల సంగతి ఎత్తి, "నన్ను క్షమించు తమ్మీ" అన్నాను. అతడు కొంచెం సేపు నన్ను చూశాడు. "పిల్లలెంతమంది అన్నా?" అని అడిగాడు. చెప్పాను. ఇంతలో గోదావరిఖని బస్సు వచ్చింది, ఎక్కి వెళ్లిపోయాడు. క్షమించానని అనలేదు. అనాలని అడిగే హక్కు నాకు లేదు.

తల్లిదండ్రులారా, ఏటా కళాశాలలో చేర్చేటప్పుడు మీ పిల్లలతోపాటు మీరు కూడా ర్యాగింగ్ చేయమని, చేయనివ్వమని ఒక హామీ పత్రం ఇస్తున్నారు. 2009 నుండి యూజీసీ నియమం అది. దానిని చదివి సంతకం పెట్టండి. మీ బిడ్డ బాధపడేవాడే కానక్కరలేదు, బెంచీ పక్కన నవ్వేవాడు కూడా కావచ్చు. అది కూడా అడగండి. డిగ్రీ, ఇంజనీరింగ్, మెడికల్ విద్యార్థులకు 1800-180-5522 నంబరు రాత్రింబగళ్లు పనిచేస్తుంది, వ్రాసుకోండి. ఇంటర్ పిల్లలైతే మీరే బస్సెక్కి వెళ్లండి.

ఆ తల్లి మరునాడు పొద్దున్నే కరీంనగర్ వెళ్లింది. ఆమె కొడుకు కొరకు, వాణ్ణి ఏడిపించిన పిల్లల కొరకు కూడా, ఇప్పుడు ప్రార్థన చేసుకుందాము.