ఆట నడుమ నిలిచినచో పందెమెవరిది?



గ్రామములలో తగవులు తీర్చు పెద్దల ముందర నేడొక తగవు నుంచెదను. ఇరువురు చెరి 32 నాణెములు పందెమొడ్డి, ముందుగా మూడాటలు గెలిచినవానికి మొత్తము 64 నాణెములును చెందునట్లు ఒడంబడిరి. ఇరువురి నేర్పును సమానమే. మొదటివాడు రెండాటలు, రెండవవాడు ఒక యాట గెలిచిన పిమ్మట ఏదో కారణమున ఆట నిలిచిపోయినది. ఆ సొమ్మును ఏ రీతిగా పంచుట ధర్మము?

చెరిసగము చేసినచో మొదటివానికి అన్యాయము. మొత్తము అతనికే యిచ్చినచో రెండవవానికి అన్యాయము. గెలిచిన ఆటలనుబట్టి ఒకనికి రెండుపాళ్లు, మరియొకనికి ఒకపాలు ఇచ్చుట న్యాయమని మనలో పలువురకు తోచును. ఇటలీ దేశపు గణితవేత్త లూకా పచోలీ 1494లో అచ్చయిన తన గ్రంథమున ఈ మార్గమునే చెప్పెను.

అది సరికాదని 1654లో ఫ్రాన్సు దేశపు పండితులగు పాస్కల్, ఫెర్మా అనువారు ఉత్తర ప్రత్యుత్తరములలో తేల్చిరి. పాస్కల్ చెప్పిన యుక్తి యిది. తరువాతి యాట మొదటివాడు గెలిచినచో 64 నాణెములును అతనివే. ఓడినచో ఇరువురును సమానులగుదురు గనుక అతనికి 32 వచ్చును. అనగా ఎట్లయినను 32 నాణెములు అతనివే. మిగిలిన 32 నాణెములకు ఇరువురకును సమానమైన అవకాశము గలదు గనుక అందులో సగము, అనగా 16, అతనికి చెందవలెను. కావున అతనికి 48, రెండవవానికి 16. ఇందలి కీలకమును గమనింపుడు. ఎవడెన్ని గెలిచెనన్నది గాక, ఇకమీదట గెలుచుటకు ఎవనికెన్ని దారులున్నవన్నదే లెక్క.

ఈ లెక్కయే పేకముక్కలకును చెల్లును. పోకరు అను పేకాట 19వ శతాబ్దమున అమెరికా దేశమున మిసిసిపీ నదిపై తిరుగు పొగయోడలలో వ్యాపించినది. దానిలో నేడు మిక్కిలి ప్రచారముననున్న ఒక తెగయందు ఆటగానికి రెండేసి ముక్కలు రహస్యముగా నిత్తురు. పిమ్మట అందరకును ఉమ్మడిగా ఐదు ముక్కలు నడుమ పరతురు; మొదట మూడు, తరువాత ఒకటి, చివర ఒకటి. తన రెండును ఉమ్మడి యైదును కలిపి, వానిలో మేలైన యైదింటితో పందెము తేల్చుకొందురు. ఒకే గుర్తు గల ఐదు ముక్కలు, ఒక జతకంటె మేలు.

రామయ్య చేతిలో ఇస్పేటు ఆసు, కళావరు ఆసు గలవనుకొందము. సోమయ్య చేతిలో ఆఠీను రాజు, ఆఠీను రాణి గలవు. నడుమ నొక ముక్కయు పడకమునుపు రామయ్యకు రమారమి 5 పాళ్లలో 4 పాళ్ల గెలుపు గలదు. ఇప్పుడు ఆఠీను ఏడు, ఆఠీను రెండు, కళావరు తొమ్మిది పడినవి. మిగిలిన 45 ముక్కలలో రెండు రావలెను. అట్టి జతలు 990. ఒక్కొక్కటిగా విచారించినచో వానిలో 371 జతలు సోమయ్యను గెలిపించును. అనగా రమారమి 8 పాళ్లలో 3 పాళ్లు. క్షణము క్రిందట 5లో 1 మాత్రమైన అతని యాశ అంత పెరిగినది.

పిమ్మట డైమను నాలుగు పడినది. ఇక 44 ముక్కలలో ఒక్కటే రావలసియున్నది. ఆఠీనులు 13లో నాలుగు బయటపడినవి, తొమ్మిది మిగిలినవి. ఆ తొమ్మిదింటిలో నేది వచ్చినను సోమయ్యయే గెలుచును. తక్కిన 35లో నేది వచ్చినను రామయ్యయే గెలుచును. నడుమ 44 రూపాయలుండి ఆట ఇచ్చట నిలిచినచో, పాస్కల్ తీర్పు ప్రకారము రామయ్యకు 35, సోమయ్యకు 9 రూపాయలు. అట్లే నడుమ 35 రూపాయలుండి, చివరి ముక్కను చూచుటకు సోమయ్య 9 రూపాయలీయవలసినచో అది సరియైన వెల. అంతకంటె నెక్కువ యిచ్చువాడు పెక్కుమార్లాడి నష్టపడును.

లెక్కకును జూదమునకును గల చుట్టరికము మనకు క్రొత్తది గాదు. భారతమున అరణ్యపర్వమందు ఋతుపర్ణ మహారాజు తాండ్రచెట్టు ఆకులను కాయలను చూపుతోనే గణించి చెప్పును. ఆ విద్యతోడనే అక్షహృదయమును నలునకుపదేశించును. రాజ్యము పోగొట్టుకొన్నది ఆ విద్య యెరుగని నలుడు. మరల పుష్కరునితో నాడి గెలిచినది ఎరిగిన నలుడు.

అయినను ఈ లెక్క నేర్చి జూదమాడుడని నేను చెప్పుటలేదు. లెక్క పాలెంతయో చెప్పునుగాని, రాబోవు ముక్క యేదో చెప్పజాలదు. 44లో 35 పాళ్లు గల రామయ్యయు అయిదింట నొకమారు ఓడును. పైగా నిజమైన యాటలో ఎదుటివాని ముక్కలు కానరావు. ఆటయిల్లు నడుపువాడు ప్రతి పందెమునుండియు తన భాగము తీసికొనుచుండగా, సమానమైన నేర్పు గలవారందరును కొంతకాలమునకు బీదలగుదురు.

మీ యూర పొలము తాకట్టు పెట్టి ఆడుచున్న యువకుడొకడు, “ఇంత పోయినది గనుక ఇక నాకు రావలసియున్నది” అని మీతో ననవచ్చును. అతనిని కసరక ఈ లెక్క చెప్పుడు. కలిపి పంచిన పేకకు నిన్నటి ఓటమి జ్ఞాపకముండదు. పోయిన సొమ్ము ఒక్క ఆఠీనునైనను అధికముగా తెచ్చి పెట్టదు. గెలిచిన ఆటలను బట్టి పందెము పంచుట ఎట్టి పొరపాటో, ఓడిన ఆటలను బట్టి ఆశ పెంచుకొనుటయు అట్టి పొరపాటే. ఇక రావలసిన దారులు మంచివెన్ని, చెడ్డవెన్ని యని యెంచి, వాని వెలకు మించి ఒడ్డకుండుటయే వివేకము. పేకముక్కలెరుగని రైతు విత్తనము చల్లునపుడును, అప్పు చేయునపుడును ఈ వివేకమే అక్కరకు వచ్చును.