ఆఖరి అంకెల సంగతి
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

కార్యదర్శిగారు కంప్యూటర్ల గురించి మాట్లాడమన్నారు. ఇంటర్ చదివి ఆర్టిలరీలో చేరినవాణ్ణి, ఇంజనీరును కాను. నాకు తెలిసిన ఒక్క సంగతే చెబుతాను.

1990ల మాట. నేనప్పుడు హవల్దారును. మా సర్వే పార్టీ పగలంతా ట్రావర్స్ తీసుకుని, రాత్రి టెంటులో పెట్రోమాక్స్ కింద లెక్కలు కట్టేది. ఒకే లెక్క ఇద్దరు విడివిడిగా చెయ్యాలి. ఆ రోజు ఇద్దరికీ రెండు మీటర్లకు పైగా తేడా వచ్చింది. ఒకతను తొందరలో ప్రతి మెట్టులోనూ నాలుగంకెలకు కుదించేశాడు. టెక్కలి వైపు కుర్రవాడు మాత్రం ఏడంకెల లాగ్ టేబుల్ పట్టుకుని ఒక్క అంకె వదల్లేదు, కాగితం నిండా గజిబిజి. శుభ్రంగా ఉన్న కాగితమే సరైనదనుకున్నాను. కుర్రవాణ్ణి అందరి ముందూ తిట్టి, ఆ రాత్రి గార్డు డ్యూటీ అదనంగా వేశాను. మర్నాడు తెలిసిన పాయింటు మీద క్లోజ్ చేస్తే కుర్రవాడి లెక్కే కలిసింది. నేను ఆ మాట వాడితో అనలేదు. తప్పొప్పుకుంటే ఉస్తాదు పరువు పోతుందనుకునే వయసు.

రిటైరయ్యాక ఒక ప్రైవేటు కాలేజీ కంప్యూటర్ ల్యాబులో కొన్నాళ్లు పనిచేశాను. పిల్లల దగ్గరే సి భాష నేర్చుకుని, సరదాకి ఆ ట్రావర్స్ లెక్కనే ప్రోగ్రాముగా రాశాను. రెండు పాత 32 బిట్ కంప్యూటర్లు, ఒకదానిలో లినక్స్, రెండోదానిలో ఫ్రీబీఎస్‌డీ. రెండింటిలోనూ ఇంటెల్ చిప్పే, ప్రోగ్రామూ ఒకటే. ఆఖరి అంకెలు కలవలేదు! టెంటు గుర్తొచ్చింది.

ఇంటెల్ 1980లో 8087 అనే లెక్కల చిప్పు తెచ్చింది. దానికి సలహాదారు విలియం కహాన్ అనే ప్రొఫెసర్, 1989లో ట్యూరింగ్ అవార్డు పొందినాయన. మామూలు 'డబుల్' సంఖ్యలో అంకెలకు దొరికేది 53 బిట్లు, అంటే మన లెక్కలో 15, 16 అంకెలు. చిప్పు లోపల మాత్రం మొత్తం 80 బిట్లు, అందులో అంకెలకే 64, సుమారు 19 అంకెలు. మధ్యలో ఎక్కువ అంకెలు ఉంచుకో, చివర ఒక్కసారే కుదించు అన్నది ఉద్దేశం. అచ్చం మా టెక్కలి కుర్రవాడి పద్ధతి.

అయితే ఎన్ని బిట్లకు కుదించాలో చిప్పులో ఒక కంట్రోల్ వర్డు చెబుతుంది. ప్రోగ్రాము మొదలయ్యేటప్పుడు దాన్ని నింపేది ఆపరేటింగ్ సిస్టమ్. 32 బిట్ లినక్స్ అక్కడ 64 పెట్టింది, ఫ్రీబీఎస్‌డీ 53 పెట్టింది. వాళ్లేమీ తెలియక చెయ్యలేదు. చిప్పులో 64 బిట్లుగా ఉన్న డబుల్ సంఖ్య మెమరీలోకి వెళ్తే 53 అవుతుంది. అప్పుడు ఒకే సంఖ్యను దానితోనే పోల్చినా సమానం కాదని రావచ్చు. ఆ గొడవ వద్దని అందరికీ 53 అన్నారు. చిక్కల్లా 'లాంగ్ డబుల్' దగ్గర. పేరుకు 80 బిట్లు, లెక్క జరిగేది 53కి. భుజం మీద ర్యాంకు సుబేదారుది, జీతం సిపాయిది అన్నట్టు!

1999 నాటి సి ప్రమాణం లాంగ్ డబుల్‌కి గణిత ఫంక్షన్లన్నీ ఉండాలంది. ఫ్రీబీఎస్‌డీలో ఎక్స్‌పొనెన్షియల్, లాగరిథమ్ ఫంక్షన్లు 2012-13లో గాని చేరలేదు. ఫంక్షన్ లోపలికి రాగానే కంట్రోల్ వర్డు 64కి మార్చాలి, బయటకు పోయే ముందు ఎలా ఉన్నది అలా పెట్టాలి. గార్డు మారేటప్పుడు చార్జి అప్పగించినట్టే. అంతటితో కాలేదు. కంపైలర్ స్థిరాంకాలను కూడా 53కే కోసేస్తోంది, అందుకని వాటిని బిట్ల రూపంలోనే రాసిపెట్టారు. సోర్సు కోడ్ తెరిచి ఉంది గనక నాలాంటివాడు కూడా కూర్చుని ఆ వరుసలు చదవగలిగాడు. నెలరోజులు పట్టిందనుకోండి.

ఆఖరి అంకెలకింత గోలెందుకంటారా? 1991 ఫిబ్రవరి 25, గల్ఫ్ యుద్ధం, సౌదీలోని దహ్రాన్. అది 80 బిట్ల చిప్పు కథ కాదు గాని, జబ్బు ఒకటే. అక్కడి పేట్రియాట్ బ్యాటరీ సుమారు 100 గంటలుగా ఆపకుండా నడుస్తోంది. దాని గడియారం సెకనులో పదో వంతులు లెక్కపెట్టేది. మనకు మూడో వంతు దశాంశాల్లో తెగనట్టే, పదో వంతు బైనరీలో ఎంత రాసినా తెగదు. 24 బిట్ల దగ్గర కోశారు. కోసిన ముక్కలు 100 గంటల్లో పోగుపడి సెకనులో మూడో వంతయ్యాయి. అంతలో స్కడ్ అర కిలోమీటరు దాటుతుంది. రాడార్ దాన్ని లేని చోట వెతికింది. 28 మంది అమెరికన్ జవాన్లు బ్యారక్‌లో ప్రాణాలు వదిలారు. ప్రోగ్రాములో కొన్నిచోట్ల అంతకుముందే మెరుగైన లెక్క పెట్టారు, అన్నిచోట్లా పెట్టలేదు. పాత లెక్కకూ కొత్త లెక్కకూ మధ్య తేడాయే కొంప ముంచింది. సరిచేసిన సాఫ్ట్‌వేర్ దహ్రాన్ చేరింది మర్నాడు, 26న.

ఇప్పటి 64 బిట్ కంప్యూటర్లలో మామూలు డబుల్ లెక్కలు వేరే రిజిస్టర్లలో జరుగుతాయి గనక ఈ తగాదా చాలావరకు పోయింది.

ల్యాబులో జవాబు దొరికిన రాత్రి, పాత మిత్రుల ద్వారా ఆ కుర్రవాడి ఫోన్ నంబరు సంపాదించాను. వాడూ రిటైరై జీడితోట చూసుకుంటున్నాడు. 8087 గురించి ఏమీ చెప్పలేదు. "ఆ రోజు నీ లెక్కే రైటు తమ్ముడూ, తప్పు నాది" అన్నాను. కాసేపు పలకలేదు.

"ఆ రాత్రి చలి బాగా వేసింది ఉస్తాద్" అన్నాడు. తర్వాత మా పిల్లలేం చదువుతున్నారని అడిగాడు.

సెలవు. జై హింద్.